సరోగసీ అంటే ఏంటి? ముందు ‘అద్దె’ అన్న మాట పక్కన పెట్టండి

సరోగసీ అంటే మీ బిడ్డను ఇంకో ఆమె తన కడుపులో మోసి, కని మీకివ్వడం. మా నల్లగొండ దిక్కు ఇంకా చాలామంది దీన్ని అద్దె గర్భం అనే అంటారు, మోసపోవడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కడుపు మోసినందుకు డబ్బులివ్వకూడదు, తీసుకోకూడదు. మోసే ఆమె వైద్యం ఖర్చు, 36 నెలల ఇన్సూరెన్స్ మాత్రం మీరే పెట్టుకోవాలి. కాబట్టి మిర్యాలగూడలోనో దేవరకొండలోనో ఏ ఏజెంటైనా "ఇన్ని లక్షలివ్వండి, మనిషిని మేమే చూస్తాం" అంటే లేచి వచ్చేయండి, ఎందుకంటే దొరికితే వాడితో పాటు మీకూ శిక్షే, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా.

ఇక ఎలా జరుగుతుందంటే, భార్యకు పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లిచ్చి అండాలు తీస్తారు, భర్త వీర్యంతో ల్యాబులో కలిపి పిండం తయారయ్యాక మోసే ఆమె గర్భసంచిలో పెడతారు, రెండు వారాలకు రక్తపరీక్షలో నిలిచిందీ లేనిదీ తెలుస్తుంది. మోసే ఆమె అండం వాడటానికి చట్టం ఒప్పుకోదు. "బిడ్డకు ఆమె పోలికలొస్తాయా" అని మా ఇంట్లో పెద్దవాళ్లు తెగ టెన్షన్ పడ్డారు. రావు, జన్యువులు మీవే.

పిల్లలు లేరని అడిగితే సరిపోదు. గర్భసంచి లేకపోవడం, ఐవీఎఫ్ (ల్యాబులో తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) మళ్లీ మళ్లీ ఫెయిలవడం, గర్భం వస్తే ప్రాణం మీదకు తెచ్చే జబ్బు, ఇలాంటి కారణమేదో ఉండాలి. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లుండాలి. 35 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న వితంతువులు, విడాకులు తీసుకున్న ఆడవాళ్లు కూడా అడగొచ్చు.

కష్టమంతా మోసే మనిషి దగ్గరే. ఆమెకు 25 నుంచి 35 ఏళ్లుండాలి, పెళ్లయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయొచ్చు. యారాలో, ఆడబిడ్డో ముందుకొస్తే మంచిదే కానీ "ఇంటి మనిషివి, కాదంటావా" అని మెడ మీద కూర్చోకండి, పిండం పెట్టే ముందు వరకు వద్దనే హక్కు ఆమెకుంది. ఊళ్లో నాలుగు మాటలు పడేది కూడా ఆమే. తొమ్మిది నెలలు ఎక్కడుండాలి, ఆమె పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది ముందే కూర్చుని తేల్చుకోండి.

కాగితాల్లో మొదటిది జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, దారి తెలియకపోతే డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో అడగండి. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఆర్డర్, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు, పుట్టిన బిడ్డ మీదేనని చెప్పేది అదే. ఇవన్నీ చేతికొచ్చేదాకా ఏ ఆసుపత్రికీ అడ్వాన్స్ కట్టకండి. 2025లో సికింద్రాబాద్‌లో సరోగసీ పేరుతో వేరేవాళ్ల బిడ్డను చేతిలో పెట్టిన సంగతి డీఎన్‌ఏ పరీక్షతోనే బయటపడింది, అందుకే కాన్పయ్యాక ఆ పరీక్ష అడగడానికి మొహమాటపడకండి.