బ్రెజిల్‌కు సొంతంగా ట్రిప్ వేసుకోవడం ఎలా? సూట్‌కేసు సంగతి తర్వాత, ముందు ఎల్లో కార్డు

హన్మకొండలో ఎవరైనా బ్రెజిల్ పోతున్నామంటే వినేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఏ ట్రావెల్స్‌లో?" అని. ఏ ట్రావెల్సూ అక్కర్లేదు. దుబాయో, సింగపూరో సొంతంగా తిరిగొచ్చినవాళ్లు బ్రెజిల్ కూడా తిరిగి రాగలరు. ఇబ్బందంతా ఎక్కడంటే, జనం టెన్షన్ పడక్కర్లేని చోట పడతారు, పడాల్సిన చోట నిమ్మళంగా ఉంటారు. ఏ సూట్‌కేసు కొనాలని నెలరోజులు చర్చ పెట్టి, ఎల్లో ఫీవర్ అనే దోమల జబ్బుకు వేసే టీకా, వేసుకున్నాక ఇచ్చే ఎల్లో కార్డు సంగతి ప్రయాణానికి నాలుగు రోజుల ముందు గుర్తుచేసుకుంటారు. కింద రాసిన వరుస మార్చకుండా చేయండి.

1. మ్యాప్‌లో సగానికి పైగా కొట్టేయండి

బ్రెజిల్ విస్తీర్ణం సుమారు 85 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి రెండున్నర రెట్లు. రెండు వారాల సెలవు పెట్టుకుని రియో, అమెజాన్, ఇగ్వాసు జలపాతాలు, సాల్వడార్, బ్రసీలియా అన్నీ చూస్తామనుకుంటే చూసేది విమానాశ్రయాలే. రెండు వారాలకు మూడు చోట్లు, అంతకు మించొద్దు. రియో ఎలాగూ ఉంటుంది. కొర్కొవాదో కొండ మీద 1931 నుంచి నిలబడి ఉన్న ఆ క్రీస్తు విగ్రహం చూడకుండా వస్తే ఇంటికొచ్చాక ఎవరూ ఊరుకోరు. రెండోది ఇగ్వాసు. మూడోది మీ ఇష్టం, అడవి కావాలంటే మనావుస్, పాత వీధులూ డప్పులూ తిండీ కావాలంటే సాల్వడార్. నన్నడిగితే సాల్వడార్. మనావుస్ పోయేవాళ్లు మాత్రం నల్లటి నెగ్రో నది, మట్టిరంగు సొలిమోయెస్ నది కలిసే చోటుకు పడవలో తప్పకుండా పోవాలి. కిలోమీటర్ల పొడవునా ఆ రెండు నీళ్లు కలవకుండా పక్కపక్కనే పారతాయి.

ఇగ్వాసులో ఒక జాగ్రత్త. జలపాతంలో ఎక్కువ భాగం అర్జెంటీనా వైపు ఉంది, హోటల్ వాళ్లు "పొద్దున పోయి సాయంత్రం రావచ్చు" అని తేలిగ్గా చెప్పేస్తారు. ఆ మాట అక్కడివాళ్లకు నిజం. మనకు అది ఇంకో దేశం, అక్కడి వీసా నియమాలు వేరు, తిరిగి బ్రెజిల్‌లోకి రావడానికి చేతిలో ఉన్న వీసా సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. బ్రెజిల్ వైపు నుంచి జలపాతం మొత్తం ఎదురుగా కనపడుతుంది, అది చాలు.

2. నెల

జూన్ నుంచి సెప్టెంబర్ లోపల పోండి. రియో వైపు అది చలికాలం, కానీ మన లెక్కలో అది చలే కాదు, వానలు తక్కువ. దసరా సెలవుల్లో పోదామని చాలామంది అనుకుంటారు కానీ వరంగల్‌లో సద్దుల బతుకమ్మ వదిలి ఆడవాళ్లను విమానం ఎక్కించడం ఏ వీసా ఆఫీసర్ వల్లా కాదు. ఇక ఫిబ్రవరి, మార్చిలో వచ్చే కార్నివాల్. మొదటిసారి పోయేవాళ్లు దాని జోలికి పోవద్దు. జాతర రోజుల్లో మేడారంలో గది కోసం వెతికినట్టుంటుంది, దొరికినా ధర మూడింతలు. మేడారంలో కనీసం తెలిసినవాళ్లెవరో ఒకరు తగులుతారు.

3. ఎల్లో ఫీవర్ టీకా

అందరూ చెడగొట్టేది ఇక్కడే, నిదానంగా చదవండి.

మీరు ఏజెంటును అడిగితే "బ్రెజిల్‌కు ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడగరు" అంటాడు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ల విషయంలో అది నిజమే, ఎందుకంటే మన దగ్గర ఆ జబ్బు లేదు. అడిగేది బ్రెజిల్ కాదు, తిరిగొచ్చేటప్పుడు మన దేశం. బ్రెజిల్ ఆ జబ్బు ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి బయలుదేరిన 6 రోజుల్లోపు ఇక్కడ దిగేవాళ్ల దగ్గర చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం విమానాశ్రయంలోని ఆరోగ్య అధికారులకు ఉంది. శంషాబాద్‌లో దిగి, బయట కారు పెట్టుకుని బావమరిది ఎదురుచూస్తుంటే, మిమ్మల్ని ఇంకో దారిలో తీసుకుపోతారు. ఇక్కడ బయలుదేరేటప్పుడే చెక్-ఇన్ కౌంటర్‌లో కార్డు చూపించమన్నా ఆశ్చర్యపోవద్దు.

ఇంత కఠినం ఎందుకు? డెంగీని మోసే ఆ ఏడిస్ దోమే ఎల్లో ఫీవర్‌ను కూడా మోయగలదు. వానాకాలం వచ్చిందంటే వరంగల్ ఆసుపత్రులు డెంగీ కేసులతో ఎట్లా ఉంటాయో మనకు తెలుసు. దోమ సిద్ధంగా ఉంది, వైరస్ ఒక్కటే లేదు. దాన్ని ఎవరూ రక్తంలో మోసుకురాకూడదనే ఈ కాపలా. కుట్టిన 3 నుంచి 6 రోజుల్లో జబ్బు బయటపడుతుంది, అందుకే ఆ 6 రోజుల లెక్క.

ఇప్పుడు తేదీల లెక్క. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. కొందరు తెలివిగా "తిరిగొచ్చే రోజుకు 10 రోజులు దాటితే చాలు కదా" అని బయలుదేరే ముందు రోజు వేసుకుంటారు. కాగితం వరకు సరిపోవచ్చు, ఒంటికి సరిపోదు. టీకా పనిచేయడానికి కూడా అన్ని రోజులు కావాలి, అప్పటికి మీరు దోమల మధ్యనే ఉంటారు. "మేం అమెజాన్ పోవడం లేదు, రియోనే" అనేవాళ్లకు ఒక మాట: 2016 నుంచి 2018 మధ్య ఈ జబ్బు బాగా వ్యాపించింది మినాస్ జెరాయిస్, సావో పాలో, రియో రాష్ట్రాల్లోనే. కాబట్టి ప్రయాణానికి నెల ముందే వేసుకోండి.

మామూలు క్లినిక్‌లో వేసుకుంటే చెల్లదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేసుకోవాలి. మనకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఏ రోజుల్లో వేస్తున్నారో, ముందే పేరు రాయించుకోవాలో కనుక్కుని కాజీపేటలో రైలెక్కండి. ఒక సీసాలో చాలా డోసులుంటాయి, సీసా తెరిచాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే ఇలాంటి కేంద్రాలు రోజులు పెట్టుకుని వేస్తాయి. ఊరికే పోయి నిలబడి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. పాస్‌పోర్ట్ అసలుది తీసుకెళ్లాలి, జిరాక్స్ కాదు.

ఎవరు వేసుకోకూడదో కూడా ఉంది. గుడ్డు పడనివాళ్లు, అంటే తింటే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, 9 నెలల లోపు పిల్లలు. 60 దాటినవాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోవద్దు. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లాలనుకునేవాళ్లు మిగతా ప్లాన్ అంతా దీని తర్వాతే వేయాలి. వైద్య కారణం ఉంటే డాక్టర్ మినహాయింపు రాసిస్తారు కానీ దాన్ని ఒప్పుకోవడం విమానాశ్రయం అధికారి ఇష్టం. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. మీజిల్స్ లాంటి ఇంకో బతికున్న టీకా ఏదైనా వేసుకోవాల్సి ఉంటే రెండూ ఒకే రోజు వేయించుకోవాలి, లేదంటే మధ్యలో 4 వారాలు ఆగాలి.

చేతికిచ్చిన పసుపు పుస్తకాన్ని కౌంటర్ దగ్గరే, జనం తోస్తున్నా సరే, నిలబడి చదవండి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా? మన దగ్గర ఇంటిపేరు ముందో వెనకో అనే గొడవ ఎప్పుడూ ఉంటుంది, ఇక్కడ దానికి చోటివ్వద్దు. పాస్‌పోర్ట్ నంబర్, టీకా బ్యాచ్ నంబర్, సంతకం, కేంద్రం ముద్ర, తేదీ చూడండి. తేదీలో నెల అక్షరాల్లో ఉండాలి, అంకెల్లో రాస్తే ఏది నెలో ఏది రోజో తెలియదు. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోవద్దు, కాగితమే పాస్‌పోర్ట్‌తో పాటు దగ్గరుండాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి ఆ నియమం వచ్చింది. పాత కార్డు మీద 10 ఏళ్లని రాసి ఉన్నా మళ్లీ వేయించుకోవాల్సిన పనిలేదు.

టీకా లేకుండానే పోయి, వచ్చేటప్పుడు దుబాయ్‌లో వారం ఆగితే లెక్క సరిపోతుందని సలహా ఇచ్చే మహానుభావులు ఉన్నారు. ఆ వారం హోటల్ బిల్లు ఎవరు కడతారో కూడా వాళ్లనే అడగండి.

4. వీసా, టికెట్

వీసా తప్పనిసరి. ఇండియన్లకు అక్కర్లేదని 2019, 2020 ప్రాంతంలో వచ్చిన పాత వార్తలు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, నమ్మొద్దు. ఎంబసీ వెబ్‌సైట్‌లో ఉన్న పత్రాలు, ఉన్న వరుసలో పెట్టండి. వీసా రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ కొనొద్దు. పాస్‌పోర్ట్ గడువు కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి.

ఇక్కడి నుంచి బ్రెజిల్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా సావో పాలో పోవడం మేలు. అమెరికా మీదుగా టికెట్ చవకగా కనపడుతుంది, కానీ విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. యూరప్‌లో కొన్ని దేశాలు కూడా మనకు ట్రాన్సిట్ వీసా అడుగుతాయి. చూసుకోకుండా కొన్నవాళ్లను చూశాను, ఆ సంగతి శంషాబాద్ కౌంటర్‌లో తెలుస్తుంది.

5. అక్కడ తిరగడం, పైసలు

సావో పాలోలో పెద్ద విమానాశ్రయాలు రెండు. మీరు దిగేది గ్వారుల్యోస్. దేశం లోపలి విమానం కొంగోన్యాస్ నుంచి బుక్ చేశారో, ఊరు దాటి పోవాలి, ట్రాఫిక్‌లో ఫ్లయిట్ పోతుంది. రెండూ గ్వారుల్యోస్ నుంచే ఉండేలా చూసుకోండి. సావో పాలో నుంచి రియోకు 430 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటలు. బస్సులు చాలా బాగుంటాయి, సీటు వెనక్కి వాలుతుంది. ఆ ఒక్క దారికి బస్సే ఎక్కండి, మిగతా వాటికి విమానమే. రియో నుంచి సాల్వడార్‌కు బస్సులో పోతానని ఉత్సాహపడేవాళ్లు 1,600 కిలోమీటర్లని గుర్తుంచుకోండి.

అక్కడివాళ్లందరూ పిక్స్ అని ఫోన్‌తోనే కడతారు, 2020లో వచ్చింది, మన యూపీఐ లాంటిదే. అక్కడి బ్యాంక్ ఖాతా లేని మనకు అది పనికిరాదు. రెండు కార్డులు వేర్వేరు చోట్ల పెట్టుకోండి, కొన్ని డాలర్లు ఉంచుకోండి. రోడ్డు మీద నిలబడి ఫోన్ చూడొద్దు, ముఖ్యంగా రియోలో. దారి చూడాలంటే షాపులోకి పోయి చూడండి. బంగారం గొలుసు ఇంట్లో వదిలేయండి. చీకటి పడ్డాక నడక వద్దు, ఊబర్ ఉంది.

6. తిండి

శాకాహారులు "మాంసం వద్దు" అని ఊరుకుంటే పళ్లెంలో హామ్ అనే పంది ముక్కలో, రొయ్యలో కనపడతాయి. చికెన్ వద్దు, పంది వద్దు, చేప వద్దు, రొయ్య వద్దు అని పోర్చుగీసులో విడివిడిగా రాసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంగ్లిష్ తెలిసినవాళ్లు తక్కువ. అన్నం, చిక్కుడుగింజల పప్పు ఎక్కడైనా దొరుకుతుంది, ఆ గింజల్లో పంది ముక్కలు వేసి ఉడికించే అలవాటు ఉంది కాబట్టి అదీ అడగాలి. మధ్యాహ్నం పూట పళ్లెం తూచి కిలో లెక్కన డబ్బు తీసుకునే హోటళ్లు ఉంటాయి, కంటికి కనపడినవి వడ్డించుకోవచ్చు, మనవాళ్లకు వాటికి మించిన చోటు లేదు.

సాల్వడార్ వీధుల్లో తెల్లబట్టలు కట్టిన ఆడవాళ్లు అకరజే అమ్ముతారు. బబ్బెర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయిస్తారు. మన బబ్బెర గారెలు తిన్న నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. మధ్యలో పెట్టే వటపా అనే ముద్దలో కూడా ఎండు రొయ్యలుంటాయి, శాకాహారులు గారె ఒక్కటే ఇమ్మనాలి.

7. బ్యాగు

భుజాన వేసుకునేది ఒకటి, అంతే. మన మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కొనండి. కరెంటు కొన్ని ఊళ్లలో 127 వోల్టులు, కొన్నింట్లో 220. ఫోన్ చార్జర్‌కు ఇబ్బంది లేదు. అన్నం వండుకుందామని ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకుపోతే రియోలో అది గోరువెచ్చగా మాత్రమే అవుతుంది.