చిన్న కంపెనీ కొన్న కంప్యూటర్లను పన్ను లెక్కల్లో చూపించే విధానం: చిక్కంతా బిల్లు దగ్గరే

కంపెనీ కోసం కొన్న కంప్యూటర్లను వ్యాపార వ్యయంగా చూపించుకోవడానికి ఏ కార్యాలయానికీ ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకోనవసరం లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో ఒక షెడ్యూలు, జీఎస్టీ రిటర్నులో ఒక పట్టిక నింపితే చాలు. రెండు పోర్టళ్లలోనూ దీనికి రుసుము లేదు. అయినా ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆడిటర్ ముందు కూర్చున్న చిన్న యజమానులు చాలామంది "ఈ బిల్లు పనికిరాదండీ" అనే మాట విని ఉసూరుమంటూ లేచి వస్తుంటారు. బిల్లులు సర్దిపెడతామంటూ మధ్యవర్తులు తారసపడేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. అందువల్ల ఇక్కడ రిటర్ను నింపడం గురించి కొద్దిగానూ, బిల్లు గురించి ఎక్కువగానూ చెప్పవలసి వస్తోంది. ఇందులోని సెక్షన్ నంబర్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2025–26 ఆర్థిక సంవత్సరపు రిటర్నుకు వర్తించేది అదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వర్తిస్తుంది కనుక, ఆ తర్వాతి సంవత్సరాల లెక్కలకు నంబర్లు మారతాయి.

ల్యాప్‌టాప్ కొన్న సొమ్మంతా ఆ ఏడాది లాభంలోంచి ఒకేసారి తగ్గిపోతుందనుకోవడం పొరపాటు. కంప్యూటరు ఆస్తి కిందికి వస్తుంది కనుక, సెక్షన్ 32 ప్రకారం దాని మీద తరుగుదల, అంటే వాడకం వల్ల ఏటా తగ్గే విలువ, మాత్రమే ఖర్చుగా చూపాలి. కంప్యూటర్లకూ, వాటితో పాటు కొన్న సాఫ్ట్‌వేరుకూ ఈ రేటు 40 శాతం. జీఎస్టీ కాకుండా 60,000 రూపాయల ల్యాప్‌టాప్ అయితే మొదటి ఏడాది 24,000, మిగిలిన 36,000 మీద రెండో ఏడాది 14,400, ఆ పైన 8,640, ఇలా ఏటేటా తగ్గుతూ పోతుంది. కొన్న సంవత్సరంలో ఆ యంత్రాన్ని 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే, అంటే 20 శాతమే, దక్కుతుంది. మామూలు సంవత్సరంలో అక్టోబరు 3వ తేదీలోపు వాడకంలోకి వచ్చినవాటికి పూర్తి రేటు వర్తిస్తుంది. ఇక్కడ చూసేది వాడకం మొదలైన తేదీని. మార్చి 30న బిల్లు రాయించి, పెట్టె ఏప్రిల్‌లో విప్పితే ఆ ఏడాదికి ఏమీ రాదు.

కంపెనీల చట్టం రెండో షెడ్యూలు డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌ల ఆయుష్షును మూడేళ్లుగా లెక్కగడుతుంది కనుక, కంపెనీ పద్దుల్లోని తరుగుదల అంకె ఒకటి, పన్ను రిటర్నులోని అంకె మరొకటి అవుతాయి. ఈ తేడా చూసి కంగారు పడనక్కరలేదు. రెండు చట్టాలకు రెండు లెక్కలు ఉండడం సహజమే.

ప్రింటర్లు, స్కానర్లు, సర్వర్లు కంప్యూటరులో భాగమేనని 2010లో ఢిల్లీ హైకోర్టు బీఎస్ఈఎస్ యమునా పవర్స్ కేసులో చెప్పింది కనుక వాటినీ అదే కోవలో చూపవచ్చు. సెల్‌ఫోను మాత్రం 15 శాతం యంత్రాల కిందికి వెళుతుంది. టోనర్, కేబుళ్లు, మరమ్మతులు, ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ చందా వంటివి ఆ ఏడాది ఖర్చుగానే రాసుకోవచ్చు. 5,000 రూపాయల లోపు యంత్రమైతే మొత్తం ఒకేసారి కొట్టేయవచ్చని ఇప్పటికీ చెప్పేవారున్నారు; ఆ వెసులుబాటును ఎప్పుడో 1990లలోనే ఎత్తేశారు.

ఇక బిల్లు సంగతి. దుకాణంలో కుర్రాడు కీబోర్డు మీద చేతులు పెట్టి "సార్, బిల్లు ఎవరి పేరు మీద?" అని అడిగే క్షణంలోనే మీ క్లెయిము సగం తేలిపోతుంది. సెల్ నంబరు చెప్పగానే కంప్యూటరు తెర మీద మీ సొంత పేరు పైకి వస్తుంది, ఆయన ఎంటర్ కొట్టేస్తాడు, మీరు పెట్టె చంకన పెట్టుకుని బయటికి వస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నా ఇదే జరుగుతుంది: డైరెక్టరు తన సొంత ఖాతాలోంచి, సొంత క్రెడిట్ కార్డుతో ఆర్డరు పెడతారు, జీఎస్టీ ఇన్‌వాయిస్ కావాలా అని అడిగే చిన్న గడిని ఎవరూ చూడరు. అలా వచ్చిన బిల్లులో కంపెనీ పేరు ఉండదు, పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉండదు. చట్టం దృష్టిలో ఆ ల్యాప్‌టాప్ కొన్నది ఒక వ్యక్తి, కంపెనీ కాదు.

కాబట్టి డబ్బు కట్టకముందే బిల్లులో నాలుగు సంగతులు చూసుకోవాలి. కంపెనీ పూర్తి పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉండాలి; జీఎస్టీ నంబరులో ఒక్క అక్షరమైనా తప్పుపోకూడదు; యంత్రం సీరియల్ నంబరు బిల్లు మీదా, ల్యాప్‌టాప్ అడుగునా ఒకటే అయివుండాలి; పన్ను విడిగా కనబడాలి. తెలంగాణలో నమోదైన కంపెనీ నంబరు 36తోనూ, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనది 37తోనూ మొదలవుతుంది. హైదరాబాదు కంపెనీ విజయవాడ దుకాణంలో కొని, బిల్లు మీద ఆంధ్రప్రదేశ్ ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర భాగం), సీజీఎస్టీ (కేంద్ర భాగం) వేయించుకుంటే ఆ పన్ను 36 నంబరుకు క్రెడిట్‌గా రాదు, అంటే కంపెనీ తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేదు. పక్క రాష్ట్రం నుంచి సరుకు తెప్పించుకునేటప్పుడు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) వేశారో లేదో చూసుకోవడం అందుకే అవసరం. థర్మల్ కాగితం మీద ఇచ్చిన బిల్లు కొన్ని నెలలకే వెలిసిపోతుంది కనుక ఆ రోజే జిరాక్సు తీసి, స్కాన్ చేసి పెట్టుకోవాలి.

ఇప్పటికే బిల్లు డైరెక్టరు పేరు మీద వచ్చేసిందనుకుందాం. అమ్మినవారు అదే నెలలో పాత బిల్లును రద్దు చేసి కంపెనీ పేరుతో కొత్తది ఇవ్వడానికి ఒప్పుకుంటే అంతకంటే కావలసిందేమీ లేదు. ఆన్‌లైన్ అమ్మకందారులు ఎక్కువగా ఒప్పుకోరు, గడువులోగా వాపసు ఇచ్చి మళ్లీ కొనమంటారు. అదీ కుదరకపోతే జీఎస్టీ క్రెడిట్‌ను వదులుకోవలసిందే. తరుగుదల విషయంలో మాత్రం అంత నిరాశ పడనక్కరలేదు. డైరెక్టరు కంపెనీ తరఫున కొన్నట్టు బోర్డు తీర్మానం రాసుకుని, ఆ సొమ్మును కంపెనీ బ్యాంకు ఖాతా నుంచి ఆయన ఖాతాకు పంపి, యంత్రాన్ని ఆస్తుల రిజిస్టరులో ఎక్కిస్తే, అది కంపెనీదేనని నిలబెట్టుకోవడానికి ఆధారం ఉంటుంది. ఈ కాగితాలన్నీ కొన్న రోజుల్లోనే తయారు కావాలి; నోటీసు వచ్చాక పాత తేదీ వేసి రాసిన తీర్మానం మొదటి ప్రశ్నకే బయటపడిపోతుంది. ఆ ల్యాప్‌టాప్‌ను ఇంట్లో పిల్లల చదువుకు కూడా వాడుతుంటే, సెక్షన్ 38 కింద అధికారి తరుగుదలలో కొంత కోత పెట్టవచ్చు.

రెండో చిక్కు నగదు. ఒకే వ్యక్తికి ఒకే రోజున 10,000 రూపాయలకు మించి నగదు రూపంలో చెల్లిస్తే, సెక్షన్ 43(1) ప్రకారం ఆ మొత్తం ఆస్తి ఖరీదులోనే కలవదు. 60,000 ల్యాప్‌టాప్‌కు 15,000 నోట్లిచ్చి మిగతాది యూపీఐలో కడితే, తరుగుదల 45,000 మీదే లెక్క కడతారు. ఆ 15,000 తర్వాతి సంవత్సరాల్లోనూ తిరిగి రాదు. బిల్లు లేకపోతే కాస్త తగ్గిస్తామన్న బేరానికి తలూపేముందు, 18 శాతం పన్ను క్రెడిట్టూ ఏటేటా వచ్చే తరుగుదలా కలిపి ఎంత పోతోందో లెక్క వేసుకోవడం మంచిది.

జీఎస్టీ క్రెడిట్ కోసం బిల్లు చేతిలో ఉంటే చాలదు. అమ్మినవారు తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో దాన్ని చూపించాలి, అది పోర్టల్ తయారుచేసే మీ కొనుగోళ్ల పట్టిక జీఎస్టీఆర్-2బీలో కనబడాలి. 2022 జనవరి నుంచి 2బీలో లేని బిల్లుకు క్రెడిట్ తీసుకోవడానికి వీలు లేదు. 2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న దుకాణమైతే బిల్లు కనబడడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. అది మోసమేమీ కాదు, ఫోను చేసి గుర్తు చేస్తే సరిపోతుంది. క్రెడిట్ తీసుకోవడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు, లేదా వార్షిక రిటర్ను వేసేవరకు, ఏది ముందైతే అంతవరకే గడువు. కాంపోజిషన్ పథకంలో (టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) ఉన్నవారికి ఈ క్రెడిట్ అసలు వర్తించదు.

అకౌంటెంట్లు తరచూ తడబడే చోటు కూడా ఇక్కడే ఉంది. 60,000 ఖరీదు మీద 18 శాతం పన్ను 10,800 కలిపి ల్యాప్‌టాప్‌ను 70,800గా పద్దులో ఎక్కించి, మరోవైపు 10,800 క్రెడిట్ కూడా తీసుకుంటారు. పన్ను భాగం మీద తరుగుదల చూపితే ఆ క్రెడిట్ చెల్లదని జీఎస్టీ చట్టం సెక్షన్ 16(3) స్పష్టంగా చెబుతోంది. క్రెడిట్ తీసుకుంటే ఖరీదు 60,000, తీసుకోకపోతే 70,800. రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి.

శాతం పుచ్చుకుని బిల్లు తెచ్చిచ్చేవారి గురించి ఒక మాట చెప్పక తప్పదు. సరుకు లేని బిల్లును పద్దుల్లో రాస్తే, సెక్షన్ 271ఏఏడీ కింద ఆ తప్పుడు పద్దు ఎంత ఉందో అంత జరిమానా వేయవచ్చు. తప్పుడు ఆదాయం చూపినందుకు ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా వేరే. నోటీసు వచ్చేది మీకు. బిల్లు ఇచ్చినవారి జీఎస్టీ నంబరు అప్పటికి రద్దయి ఉంటుంది.

కంపెనీ కాకుండా సొంత పేరుతో వ్యాపారం చేస్తూ, సెక్షన్ 44ఏడీ కింద టర్నోవరు మీద 6 లేదా 8 శాతం లాభం చూపేవారు కంప్యూటరుకు విడిగా తరుగుదల అడగలేరు. ఆ అంకెలోనే అది కలిసిపోయిందని చట్టం భావిస్తుంది.

కాగితాలు సరిగా ఉంటే రిటర్ను పని తేలికే. కంపెనీలు వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-6లో యంత్రాలకు సంబంధించిన డీపీఎం షెడ్యూలు తెరిచి, 40 శాతం గడిలో పాత నిల్వ (గత ఏడాది తరుగుదల పోగా మిగిలిన విలువ), 180 రోజులు దాటినవి, దాటనివి వేర్వేరుగా రాయాలి. తరుగుదల మీరు అడిగినా అడగకపోయినా చట్టం ఇచ్చినట్టే లెక్కవేస్తుంది కాబట్టి, లాభం లేని ఏడాది కదా అని వదిలేయకూడదు. వాడుకోలేకపోయిన తరుగుదలను ఏళ్ల పరిమితి లేకుండా ముందుకు తీసుకుపోవచ్చు. రిటర్నుకు గడువు అక్టోబరు 31. కంపెనీ రిటర్నును డైరెక్టరు డిజిటల్ సంతకంతోనే ధ్రువీకరించాలి, ఆధార్ ఓటీపీ పనిచేయదు. ఆ సంతకం కాలపరిమితి ముగిసిందని చివరి రోజు రాత్రి తెలిసి తల పట్టుకునేవారు ప్రతి ఏటా ఉంటారు కనుక, సెప్టెంబరులోనే దాని తేదీ చూసుకుని, అవసరమైతే కొత్తది తీసుకుని పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.