ఎండాకాలం చివర పెరటి టమోటా కాపు మీద పడితే

ఫిబ్రవరిలో నాటిన టమోటా నారు మార్చి నెలంతా పూత పూసి కాయ కడుతుంది. ఏప్రిల్ వచ్చాక కర్నూలు, కడప, అనంతపురం ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, రాత్రిళ్లు కూడా వేడి దిగదు. ఆ వేడికి పుప్పొడి పనిచేయదు. పూలు కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతాయి. అంటే చెట్టుకు కొత్త కాయ రాదు, ఉన్న కాయలన్నీ ఇంచుమించు ఒకే ఈడువి. అవి ఏప్రిల్ చివర, మే మొదట్లో ఒక్కసారిగా పండుతాయి. పీకేఎం-1 లాంటి పొట్టి రకమైతే మరీను, దాని కాపే గుంపుగా వస్తుంది. పది మొక్కలున్న పెరట్లో మూడు వారాల్లో 20 నుంచి 30 కిలోలు దిగడం మామూలే.

పక్కింటికి ఇద్దామంటే వాళ్లింట్లోనూ అవే. ధర పడిపోయిన రోజుల్లో కర్నూలు జిల్లా పత్తికొండ టమోటా మార్కెట్లోనే కాయలు రోడ్డు పాలవుతాయి, ఇక పెరటి గంపను అడిగేదెవరు? కాబట్టి కోత మొదలయ్యే ముందే ఏ కాయ ఎటు పోవాలో అనుకుని ఉండాలి.

కోత: చెట్టు మీద ఎర్రబడేదాకా ఆగొద్దు

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపిన్ 20–25 డిగ్రీల దగ్గర బాగా తయారవుతుంది, 30 దాటితే దాదాపు ఆగిపోతుంది. పసుపు రంగు మాత్రం వేడిలోనూ వస్తుంది. మే నెలలో చెట్టు మీద వదిలిన కాయ ఎంతకాలమున్నా పసుపు కలిసిన నారింజ రంగులోనే ఉండి మెత్తబడిపోతుంది. కాయ అడుగున రూపాయి బిళ్లంత మేర లేత గులాబీ తిరిగిందంటే అది పక్వానికి వచ్చినట్టే, తెంపేయండి. రుచి పెద్దగా తగ్గదు. పురుగు, పక్షి, ఎండదెబ్బ మూడూ తప్పుతాయి.

కోత పొద్దున 7 లోపే అయిపోవాలి. కాయను అరచేతిలో పట్టుకుని, కాడ మీదున్న కణుపు దగ్గర బొటనవేలితో నొక్కితే టక్కున విరుగుతుంది. లాగితే కొమ్మే చీలుతుంది. తొడిమ ముచ్చిక పక్క కాయకు గుచ్చుకుంటుంది గనుక గంపలో వేసేముందే తీసేయండి. మధ్యాహ్నం తెంపిన వేడి కాయను చన్నీళ్లలో ముంచొద్దు. చల్లబడేటప్పుడు లోపలి గాలి ముడుచుకుని, తొడిమ గుంట గుండా నీళ్లను, నీళ్లతోపాటు కుళ్లు తెచ్చే క్రిములను లోపలికి పీల్చుకుంటుంది. రెండు రోజులకు గుంట చుట్టూ నీరుకారడం కనిపిస్తే కారణం అదే. దుమ్ముంటే పొడిగుడ్డతో తుడవండి, కడగడం వాడే ముందు చాలు.

కింది ఆకులు ఎండుతున్నాయి కదా అని చెట్టును బోడి చేయొద్దు. ఆకు చాటు పోయిన కాయకు ఎండ తగిలిన వైపు తెల్లగా కాగితంలా పొర కడుతుంది. 50 శాతం ఎండను ఆపే షేడ్ నెట్ లేకపోతే పాత నూలు చీరను పడమటి వైపు కట్టినా సరిపోతుంది. నీళ్లు రోజూ ఒకే తీరుగా, పొద్దునపూట పెట్టాలి. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు మడి నింపితే కాయ పగులుతుంది, అడుగున నల్లమచ్చ కూడా పడుతుంది. ఆ మచ్చ తెగులు కాదు. నీటి హెచ్చుతగ్గుల వల్ల సున్నం (కాల్షియం) కాయ కొనదాకా అందకపోవడం. మేలో సాయంత్రం గాలివాన పట్టేటట్టు మబ్బు కమ్మిందా, అప్పుడు మాత్రం పొద్దున, సాయంత్రం చూడకుండా రంగు తిరిగిన కాయలన్నీ దించేయండి. ఒక్క వానకు సగం కాయలు పగులుతాయి.

మాగబెట్టడం, ఏరడం

తెచ్చిన కాయలను తొడిమ వైపు కిందికి ఉండేలా ఒకే వరుసలో పరచండి. గుట్ట పోస్తే అడుగువి నలుగుతాయి. రంగు తిరగని కాయ ఫ్రిజ్‌లోకి పోకూడదు. 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట అది ఇక పండదు, చప్పబడి మచ్చలు తేలుతుంది. పూర్తిగా ఎర్రబడింది మాత్రం మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉండొచ్చు.

అయితే మన ఇళ్లలోనూ మేలో 34, 35 డిగ్రీలుంటుంది కదా. దానికి కుండలో కుండ ఉపాయముంది. పెద్ద మట్టి తొట్టిలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి, పొద్దునా సాయంత్రం ఆ ఇసుకను తడపండి. చిన్న కుండలో కాయలు పెట్టి పైన తడి గోనె కప్పండి, గోనె కాయలకు తగలకూడదు. అనంతపురం పొడి గాలికి నీళ్లు బాగా ఆవిరై లోపల బయటికంటే చాలా డిగ్రీలు తగ్గుతుంది. గాలి ఆడే నీడన పెట్టాలి. మూసిన గదిలో పెడితే చల్లబడదు, బూజు పడుతుంది.

ఏరేటప్పుడు నాలుగు కుప్పలు చేయండి. గట్టిగా, మచ్చలేనివి మాగడానికి. బాగా పండి గట్టిగా ఉన్నవి నిల్వ పచ్చడికి, ఒరుగులకు. పగిలినవి, ఎండదెబ్బ, నల్లమచ్చ ఉన్నవి ఆ మేర కోసేసి ఆ రోజే పప్పుకో, బుడ్డలు (వేరుశనగలు) వేసి నూరే ఊరుబిండి పచ్చడికో. వీటిని నిల్వకు వాడొద్దు, ఒక్క ముక్క చాలు జాడీ అంతా చెడడానికి. పురుగు తొలిచినవి నాలుగో కుప్ప. పెద్ద గుండ్రటి రంధ్రం కాయతొలుచు పురుగుది, తొడిమ చుట్టూ గుండుసూది మొనంత చిల్లులు ఊజీ పురుగువి. వీటిని ఎరువు గుంతలో వేస్తే పురుగు అక్కడే పెరిగి మళ్లీ వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి రెండు రోజులు ఎండలో పడేస్తే చచ్చిపోతుంది.

ఒరుగులు

ఒరుగుల విషయంలో రాయలసీమ ఎండ వరం. కోస్తాలో నాలుగు రోజులు పట్టేది ఇక్కడ రెండు రోజుల్లో అయిపోతుంది. టమోటాలో దాదాపు 94 పాళ్లు నీళ్లే కాబట్టి 10 కిలోలకు 600 గ్రాముల చుట్టుపక్కల ఒరుగులొస్తాయి. తక్కువని నిరాశపడొద్దు, ఒక పిడికెడు వేస్తే కుండెడు పప్పు పులుపెక్కుతుంది.

కండ ఎక్కువ, రసం తక్కువ ఉన్న కోలకాయలు మేలు. చిటికెన వేలి మందంలో సగం ఉండేలా అడ్డంగా కోయండి. పలచగా కోస్తే గుడ్డకు అతుక్కుంటాయి, మందంగా కోస్తే పైన పెచ్చు కట్టి లోపల తడి మిగులుతుంది. కిలో ముక్కలకు 15 గ్రాముల ఉప్పు చల్లితే నీరు తొందరగా వదులుతుంది. పొడి కొట్టాలనుకుంటే ఉప్పు వద్దు, వానాకాలంలో అది తేమ పీల్చి పొడిని గడ్డ కట్టిస్తుంది.

మిద్దె మీద కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటే ముక్కలు నేరుగా వాటి మీద వేయొద్దు. అవి సున్నపురాళ్లు. టమోటా పులుపు తగిలినచోట పాలిష్ పోయి తెల్లటి మరక పడుతుంది, అది మళ్లీ పోదు. పైగా మధ్యాహ్నం నల్లబండ కాలి ముక్క అడుగు ఉడికిపోతుంది. నులక మంచం మీద తెల్ల పంచె పరిచి, కోసిన ముఖం పైకి ఉండేలా ముక్కలు పేర్చి, పైన పలచటి గుడ్డ కట్టండి. కింద నుంచీ గాలి ఆడుతుంది. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలెక్కవు. అల్యూమినియం పళ్లేలు, ఇనుప రేకులు పనికిరావు, ముక్కలు నల్లబడి లోహపు రుచి పడుతుంది.

సాయంత్రం తిరగేసి ఇంట్లోకి తెచ్చేయండి, రాత్రి తేమకు పగలంతా ఎండింది మళ్లీ మెత్తబడుతుంది. మొదటి రోజే మబ్బు పడితే ఫ్యాన్ కింద పరవండి, ఆ రోజు బూజు పట్టితే ఇక దాన్ని బాగుచేయలేం. ముక్క వంచితే తోలులా వంగి, నొక్కితే తడి తగలకపోతే ఒరుగు అయినట్టు. పొడికి మాత్రం అప్పడంలా విరగాలి. ఎండిన వెంటనే డబ్బా బిగించొద్దు. గాజు సీసాలో మూడొంతులు నింపి, వారం రోజులు రోజూ ఒకసారి కుదపండి. లోపలి గోడ మీద చెమ్మ కనిపిస్తే ఇంకో ఎండ కావాలని అర్థం.

నిల్వ పచ్చడి

5 కిలోల పండ్లు కడిగి, గుడ్డతో తుడిచి, గంట ఆరబెట్టండి. ముక్కలు కోసి 400 గ్రాముల కల్లుప్పు, రెండు చెంచాల పసుపు కలిపి జాడీలో మూతపెట్టండి. మూడో రోజు ముక్కలను గట్టిగా పిండి ఎండలో వేయండి. రసాన్ని స్టీలు పళ్లెంలో పోసి, అర కిలో గింజలు తీసిన చింతపండు అందులో నానేసి అదీ ఎండలోనే పెట్టండి. రెండు ఎండల తర్వాత ముక్క ముడుచుకోవాలి, రసం సగానికి పైగా చిక్కబడాలి. అప్పుడు రెండూ కలిపి రుబ్బి, 400 గ్రాముల ఎండు కారం, 50 గ్రాముల వేయించిన మెంతుల పొడి, 75 గ్రాముల ఆవపొడి, పావు కిలో వెల్లుల్లి కలపండి. రంగు కావాలంటే కారంలో సగం బ్యాడిగి మిరపకాయల కారం వేయండి. లీటరు బుడ్డల నూనె కాచి, తాలింపు పెట్టి, చల్లారాకే కలపాలి.

వారానికి బుడగలొచ్చి పచ్చడి పొంగితే రసం సరిగా ఎండలేదన్నమాట. పైన తెల్ల బూజు వస్తే ఉప్పు తగ్గింది, లేదా నూనె పైన తేలేంత లేదు. ఉప్పు తగ్గించి ఆరోగ్యం అనుకునేవాళ్లు చేసుకున్న పచ్చడిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. బూజు పట్టినదాన్ని పైన తీసేసి తినొద్దు.

గుజ్జు

2 కిలోల ముక్కలు నీళ్లు పోయకుండా కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చి, మిక్సీ పట్టి, జల్లెడలో వడగట్టి సగమయ్యేదాకా మరిగించండి. చల్లారాక అర కిలో డబ్బాల్లో, పైన వేలెడు ఖాళీ వదిలి ఫ్రీజర్లో పెట్టండి. ఆరు నెలలకు ఢోకా లేదు. కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో మాత్రం ఫ్రీజర్‌ను నమ్మి పది కిలోలు పెట్టకండి, ఒరుగులే మేలు. సీసాల్లో పోసి బయట ఉంచే పద్ధతి అలవాటు లేనివాళ్లకు వద్దంటాం. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 4.6 సురక్షితమైన గీత, టమోటా దానికి అటూ ఇటూ ఉంటుంది. లీటరుకు అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సీసాలను మరిగే నీళ్లలో ముప్పావు గంట ఉడికించనిదే అది నిలవదు. పైన నూనె పోస్తే చాలనేది వట్టి మాట.

చివరి పచ్చికాయలు, విత్తనం

ఆకు ముడత పట్టిన మొక్కలను జూన్ దాకా సాకడం దండగ. తెల్లదోమ ఆ వైరస్‌ను కొత్త నారుకు అంటిస్తుంది. మిగిలిన పచ్చికాయలు తెంపి మొక్కలు పీకేయండి. ఆ కాయల్లో ఏవి మాగుతాయో తెలియాలంటే ఒకటి అడ్డంగా కోయండి. గింజలు కత్తికి తెగకుండా జిగురులో పక్కకు జారితే ఆ సైజువన్నీ పండుతాయి. గింజ తెగిందంటే లేతవి, పప్పులోకి పంపండి.

నాటు రకమైతే ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి బాగా పండిన నాలుగు కాయలు విత్తనానికి ఉంచండి. హైబ్రిడ్ గింజ దాస్తే తల్లి లాంటి మొక్క రాదు. గింజల గుజ్జును గ్లాసులో వేసి ఒక రోజు పులియనివ్వండి. ఈ వేడిలో రెండు రోజులైతే గ్లాసులోనే మొలకెత్తుతాయి. అడుగుకు చేరిన గింజలు కడిగి పింగాణీ పళ్లెంలో నీడన ఆరబెట్టండి, కాగితం మీద పోస్తే అతుక్కుపోతాయి. సీసా మీద రకం, నెల రాసిపెట్టండి. వచ్చే ఏడు నారు ఒకేసారి పోయకుండా డిసెంబరు చివర సగం, ఇరవై రోజులాగి మిగతా సగం పోస్తే కాపు ఇలా ఒక్కసారిగా మీద పడదు.