అల్ట్రా పరుగు నేర్చుకుందాం – 5వ భాగం: రాత్రంతా స్నేహితుడి వెంట

పోయిన భాగంలో ఎత్తు ఎక్కేటప్పుడు పరుగు ఆపి నడవడం, నడుస్తూనే తినడం ప్రాక్టీస్ చేయమన్నాను. అది ఇంకా అలవాటు కాకపోతే మరో వారం అదే చేయండి, తొందరేం లేదు. ఈసారి మన పరుగు సంగతి పక్కన పెట్టి, వంద మైళ్ల (దాదాపు 160 కిలోమీటర్ల) రేసులో ఉన్న స్నేహితుడికి రాత్రంతా పేసర్‌గా తోడు వెళ్లడం ఎలాగో చూద్దాం. మొదటి వంద మైళ్ల రేసుకి పేరు ఇచ్చే ముందు ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఈ పని చేయాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే 130 కిలోమీటర్లు దాటిన మనిషి ఎలా మాట్లాడతాడో, ఏది మింగగలడో, ఏ మాటకి కోపం తెచ్చుకుంటాడో ఎంత చదివినా అర్థం కాదు, పక్కన ఉండి చూడాల్సిందే.

ముందు ఆ రేసు రూల్స్ చదవండి, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. 1974లో గోర్డీ ఏన్స్‌లీ కాలిఫోర్నియాలో గుర్రాలకి పెట్టిన 100 మైళ్ల పోటీలో గుర్రం లేకుండా తన కాళ్ల మీదే దిగి, 24 గంటల లోపే పూర్తి చేశాడు. అక్కణ్నుంచి పుట్టిందే వెస్టర్న్ స్టేట్స్ రేసు. అందులో 62వ మైలు దగ్గర, ఫారెస్ట్‌హిల్ నుంచి పేసర్‌ని తీసుకోవచ్చు, కానీ రన్నర్ సామాను పేసర్ మోయకూడదు. అమెరికాలోనే కొలరాడోలో జరిగే లెడ్‌విల్ వంద మైళ్ల రేసులో మాత్రం మోయొచ్చు. ఏథెన్స్ నుంచి స్పార్టా దాకా 246 కిలోమీటర్లు సాగే స్పార్టథ్లాన్‌లోనూ, ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీలోనూ పేసర్లే ఉండరు.

రూల్స్ అని ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, 2006 వెస్టర్న్ స్టేట్స్‌లో బ్రయన్ మోరిసన్ అందరికంటే ముందుగా చివరి ట్రాక్ మీదికి వచ్చి, ఫినిష్ లైన్ కళ్ల ముందే ఉండగా కుప్పకూలిపోయాడు, వెంట ఉన్నవాళ్లు లేపి పట్టుకుని గీత దాటించారు, దాంతో అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు. ఆ చోట నేనున్నా నా చేతులు ముందుకే వెళ్లేవేమో, వాళ్ల ప్రేమని నేను తప్పుపట్టను. అందుకే అనేది, చెయ్యి ఎప్పుడు వెయ్యాలో ఎప్పుడు వెయ్యకూడదో రేసుకి ముందే మనసులో స్థిరం చేసుకోవాలి. ప్రాణం మీదికి వస్తే రేసు పోయినా పట్టుకోవాలి. మిగతా అప్పుడు మీ చేతులు మీ దగ్గరే ఉండాలి.

రేసుకి వారం ముందు ఇద్దరూ తీరిగ్గా కూర్చుని ఒప్పందం చేసుకోండి. "ఆపేస్తాను అంటే ఎప్పుడు నీ మాట వినాలి, ఎప్పుడు వినకూడదు?" అన్నది అసలు ప్రశ్న. అలసట, విసుగు, నిద్ర, బొబ్బలు వీటి గురించి వాడు ఎంత మొత్తుకున్నా తర్వాతి ఎయిడ్ స్టేషన్ (దారిలో తిండి, నీళ్లు, సాయం దొరికే చోటు) దాకా నడిపించాలి. మాట తడబడటం, ఆగకుండా వాంతులు, గుండెలో నొప్పి కనబడితే వాడు పరిగెత్తుతానన్నా మీరు ఆపాలి. ఇది ఫోన్‌లో మెసేజ్‌గా రాసి పెట్టుకోండి, అర్ధరాత్రి వాదన మొదలైతే వాడి మాటలే వాడికి చూపించొచ్చు.

ఇక దారి మీద. వెనక నడవాలా, ముందు నడవాలా అని చాలామంది అడుగుతుంటారు. నేనైతే మొదటి కొన్ని గంటలు వెనకే ఉంటాను, అడుగులు ఎలా పడుతున్నాయో, ఏ కాలు ఈడుస్తున్నాడో కనిపిస్తుంది. వాడి బుర్ర పనిచేయడం తగ్గాక ముందుకొస్తాను, నా మడమలు చూసుకుంటూ ఏమీ ఆలోచించకుండా వస్తాడు. వెనక ఉన్నప్పుడు మీ హెడ్‌ల్యాంప్ వెలుతురు వాడి నీడనే వాడి పాదాల ముందు పడేస్తుంది కాబట్టి కాస్త పక్కకి జరగండి, లేదా లైటు నడుముకి కట్టుకోండి, నడుము ఎత్తు నుంచి వచ్చే వెలుగులో రాళ్ల నీడలు పొడుగ్గా పడి ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. మాట్లాడటానికి వెనక్కి తిరిగేటప్పుడు లైటు మీద అరచెయ్యి అడ్డం పెట్టండి, లేకపోతే సూటిగా వాడి కళ్లలో కొడుతుంది.

ఈ పాఠంలో ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నా: "ఎలా ఉన్నావ్?" అని అడగొద్దు. వంద కిలోమీటర్లు దాటిన వాడికి ఆ ప్రశ్నకి ఒకటే జవాబు ఉంటుంది, అది పైకి చెప్పాక ఇంకా బలపడుతుంది. మీకు పనికొచ్చే జవాబు వచ్చేలా అడగండి. చివరిసారి మూత్రం ఎప్పుడు పోశావ్, ఏ రంగులో ఉంది? కోలా రంగు అంటే కండరాలు కరుగుతున్నాయేమో అని అనుమానించి నేరుగా మెడికల్ టెంట్‌కి తీసుకెళ్లాలి. వేళ్లు చూపించు. వేళ్లు ఉబ్బి, తలనొప్పి, వికారం, తికమక కూడా ఉంటే నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు, అప్పుడు ఇంకా తాగమని పోరు పెట్టడం ప్రమాదం, డాక్టర్ చూడాలి. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు అడిగితే ఇవ్వకండి, ఆ అలసటలో కిడ్నీల మీద భారం పడుతుంది.

తిండి విషయం కూడా అంతే. "తింటావా?" అంటే వద్దంటాడు. మీరే టైమ్ చూసుకుని, పదిహేను నిమిషాలకోసారి ప్యాకెట్ చింపి చేతిలో పెట్టండి, రెండు కొరుకులైనా చాలు. గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు లక్ష్యంగా పెట్టుకుంటారు గానీ తెల్లవారుజామున అందులో సగం లోపలికి పోయినా సంతోషించండి.

మూడు నుంచి ఐదు మధ్య శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గి నిద్ర ముంచుకొస్తుంది. ఒక రేసులో ఆ సమయానికే నా స్నేహితుడు బండ మీద కూలబడి, "నా వల్ల కాదురా, నన్ను ఇక్కడే వదిలేయ్" అన్నాడు. నేను వాదించలేదు, ధైర్యం చెప్పే మాటలూ చెప్పలేదు. జాకెట్ తీసి వాడి భుజాల మీద వేసి, మోకాళ్ల మీద కూర్చుని వాడి షూ లేసులు విప్పి, లోపల ఉన్న గులకరాళ్లు దులిపి, మళ్లీ కట్టాను. ఈలోపు వాడు చేతిలో పెట్టిన ఎనర్జీ జెల్ సగం తిన్నాడు. అప్పుడు దారి గుర్తుగా కట్టిన రిబ్బన్ చూపిస్తూ, "అదిగో మెరుస్తున్న రిబ్బన్, అక్కడిదాకా నడుద్దాం" అన్నా. లేచాడు. అక్కడికి చేరాక ఇంకో రిబ్బన్ చూపించా. ఎయిడ్ స్టేషన్ ఇంకా ఆరు కిలోమీటర్లుందని నాకు తెలుసు, వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

నిద్ర ఆగకపోతే గాలి తగలని చోట కాఫీ తాగించి, పదిహేను నిమిషాలు పడుకోబెట్టి మీరే లేపండి, కెఫీన్ పని చేయడానికి ఎలాగూ కాస్త టైమ్ పడుతుంది. చెట్టు మొద్దు మనిషిలా కనిపిస్తోందంటే నవ్వకండి, "అది చెట్టే, నేనూ చూశాను, పద" అంటే చాలు. ఇంకోటి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పని మాటలు ఆ వేళప్పుడు బయటికొస్తాయి. వినండి. తెల్లారాక ఎవరి దగ్గరా ఎత్తకండి, వాడే మళ్లీ ఎత్తితే తప్ప.

చలిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2021 మేలో చైనాలోని గాన్సూలో 100 కిలోమీటర్ల కొండ రేసులో ఒక్కసారిగా వడగళ్లు, గడ్డకట్టించే వాన, ఈదురుగాలి వచ్చి 21 మంది చనిపోయారు, ఆరుగురిని ఒక గొర్రెల కాపరి తన గుహలోకి తెచ్చి మంట వేసి బతికించాడు. వణుకు, ముద్దమాట, తూలడం, జిప్ పట్టుకోలేకపోవడం, ఇవి కనబడగానే పొడి బట్టలు, టోపీ, ఆశ్రయం. కటాఫ్ (ఒక్కో చోటికి చేరాల్సిన గడువు) లెక్కలు తర్వాత.

ఈ నెల అభ్యాసం: ఒక స్నేహితుడితో రాత్రి రెండింటికి తెలిసిన దారిలోనే మూడు గంటలు వెళ్లండి. మొదటి గంటన్నర మీరు పేసర్, తర్వాత అతను. "ఎలా ఉన్నావ్?" అన్న మాట ఇద్దరిలో ఎవరూ వాడకూడదు, తిండి టైమ్ పేసర్ చూడాలి, మధ్యలో పది నిమిషాల నిద్ర, లేపే బాధ్యత పేసర్‌ది. ఇంటికొచ్చాక ఏ మాట సాయపడింది, ఏ మాట చిరాకు తెప్పించిందో ఒకరికొకరు మొహమాటం లేకుండా చెప్పుకుని రాసుకోండి. వచ్చే భాగంలో రేసు మధ్యలో ఆపేయాలన్న నిర్ణయం ఎలా తీసుకోవాలో చూద్దాం, ఆ కాగితం అప్పుడు కావాలి.