ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఐఈఎల్‌టీఎస్‌కి ఎలా చదవాలి?

ఎల్‌కేజీ నుంచి ఎంటెక్ దాకా ఇంగ్లీషు మీడియంలోనే చదివి హైటెక్ సిటీలో రోజంతా ఇంగ్లీషులోనే పని చేసేవాళ్లున్నారు. అమెరికాలో పుట్టి, అమ్మానాన్నలతో హైదరాబాద్ తిరిగొచ్చిన పిల్లలున్నారు. సికింద్రాబాద్‌లో లాలాగూడ వైపు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలున్నాయి. వీళ్లందరూ అడిగేది ఒక్కటే: మాకెందుకు ఇంగ్లీషు పరీక్ష? కెనడాలో స్థిరపడాలనుకునే ఉద్యోగులను పాయింట్లు లెక్కగట్టి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకైతే మినహాయింపు ఎవరికీ లేదు. బ్రిటిష్ పౌరుడైనా సరే, అమెరికా పౌరుడైనా సరే, స్కోరు చూపించాల్సిందే.

ఇలాంటివాళ్లకు గ్రామర్ పాఠాలతో, పదాల జాబితాలతో పని లేదు. మార్కులు పోయేది భాష రాక కాదు, ప్రశ్న అడిగిందేమిటో పట్టించుకోక. కాబట్టి సిద్ధమయ్యే పద్ధతి కూడా వేరుగా ఉండాలి.

1. ఏ పరీక్ష, ఎంత స్కోరు: ముందు ఇది తేల్చుకోండి

ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండు రకాలు. యూనివర్సిటీలు సాధారణంగా అడిగేది అకడమిక్. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి కావలసింది జనరల్ ట్రైనింగ్. దాని బదులు సెల్పిప్ జనరల్ గానీ, పీటీఈ కోర్ గానీ రాయొచ్చు, అవీ ఇంగ్లీషు పరీక్షలే. తొందరపడి అకడమిక్ బుక్ చేసుకుంటే ఆ ఫీజు వృథా. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి దరఖాస్తు ఎప్పుడు పెడతారో చూసుకుని తేదీ ఎంచుకోండి. గుర్తింపు కార్డుగా పాస్‌పోర్టు ఉండాలి. అది గడువు దాటబోతుంటే ముందు రెన్యువల్ చేయించుకుని, ఆ తర్వాతే బుక్ చేయండి.

"నాకు ఓవరాల్ 7.5 వస్తుందిలే" అనుకుని ఊరుకోకండి. లిజనింగ్ 8.5, రీడింగ్ 8, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7.5 వచ్చాయనుకుందాం. సగటు 7.625, అంటే ఓవరాల్ 7.5. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ సగటును చూడదు, నాలుగింటినీ విడివిడిగా చూస్తుంది. సీఎల్‌బీ 9, అంటే కెనడా భాషా కొలమానంలో తొమ్మిదో స్థాయి రావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరును బ్యాండ్ అంటారు. పై స్కోరులో రైటింగ్ దగ్గర అర బ్యాండ్ తగ్గింది. మాస్టర్స్ డిగ్రీ, విదేశీ అనుభవంగా లెక్కకొచ్చే మూడేళ్ల పైబడిన ఉద్యోగం ఉండి, ఒంటరిగా దరఖాస్తు చేసే వ్యక్తికి ఆ అర బ్యాండు వల్ల ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లెక్కలో 58 పాయింట్ల దాకా పోవచ్చు. రైటింగ్‌లో నేరుగా పోయేవి 8. చదువుకు, అనుభవానికి భాషతో కలిపి ఇచ్చే పాయింట్లలో చెరో 25 పోతాయి. రోజూ ఆఫీసులో వంద మెయిళ్లు రాసేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు.

2. కోచింగ్‌లో చేరకముందే ఒక పూర్తి మాక్ టెస్ట్ రాయండి

లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మూడూ మధ్యలో లేవకుండా, కంప్యూటర్ మీద, గడియారం పెట్టుకుని రాయండి. ఐఈఎల్‌టీఎస్ అధికారిక వెబ్‌సైట్లలో నమూనా పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి. పాత ప్రశ్నపత్రాల పుస్తకాల కోసం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాతపుస్తకాల్లో వెతకొచ్చు. ఎవరో పెన్నుతో జవాబులు నింపేసిన పుస్తకం మాత్రం తీసుకోకండి. ఇంట్లో ప్రశాంతత లేకపోతే చిక్కడపల్లి లైబ్రరీ లాంటి చోటు వెతుక్కోండి.

ఆ ఫలితం చూశాకే కోచింగ్ అవసరమో కాదో నిర్ణయించుకోండి. నా మాట అడిగితే, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్లు అమీర్‌పేటలో నెలల తరబడి బ్యాచ్‌లకు తిరగనక్కర్లేదు. ఆ డబ్బు అనుభవమున్న టీచరు చేత మీ వ్యాసాలు దిద్దించుకోవడానికి పెట్టండి. ఎవరి వ్యాసంలో లోపాలు వాళ్లకు కనిపించవు. బయటి కన్ను కావలసింది అక్కడే.

3. సగం సమయం రైటింగ్‌కే ఇవ్వండి

గంటలో రెండు టాస్కులు: మొదటిది కనీసం 150 పదాలు, రెండోది కనీసం 250. రెండోదానికి మార్కుల బరువు రెట్టింపు. అందుకే మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 40.

ఒక ప్రశ్న తీసుకుందాం. "నగరాల్లో ట్రాఫిక్ తగ్గడానికి ఫ్లైఓవర్లు కట్టాలని కొందరంటారు, మెట్రో లాంటి ప్రజా రవాణా పెంచాలని కొందరంటారు. రెండు వాదనలనూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి." హైదరాబాద్‌వాళ్లకు ఇంతకన్నా తెలిసిన విషయం ఉండదు, ఇబ్బంది కూడా అక్కడే. మాదాపూర్ ట్రాఫిక్ గురించి ధారగా ఒక పేజీ రాసేస్తారు. ఫ్లైఓవర్ల వైపు వాదన ఒక్క వాక్యంలో తేలిపోతుంది. సొంత అభిప్రాయం చివర్లో అర వాక్యంగా మిగులుతుంది. ఇంగ్లీషు ఎంత బాగున్నా, ప్రశ్నకు పూర్తిగా జవాబివ్వలేదని మార్కులు కోస్తారు.

ప్రశ్న మూడు పనులు చెప్పింది: ఒక వాదన, రెండో వాదన, మీ అభిప్రాయం. మొదటి ఐదు నిమిషాలు టైప్ చేయకుండా ఈ మూడింటికీ ఒక్కో మాట కాగితం మీద పెట్టండి. నాలుగు పేరాలు చాలు. పరిచయంలోనే మీరు ఎటువైపో తెలియాలి. తర్వాతి పేరాలో ఫ్లైఓవర్ల వాదన, దానికి కారణం, ఒక ఉదాహరణ. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉందిగా, అదే చెప్పండి. మూడో పేరాలో ప్రజా రవాణా వాదన, 2017లో మొదలైన మన మెట్రో ఉదాహరణ. చివరి పేరాలో మీ తీర్పు. సొంత అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని ప్రశ్నలోనే ఉంటుంది, మొహమాటపడకండి. కానీ ఒక పేరాలో ఒకే విషయం ఉండాలి.

ఐటీ ఉద్యోగులు ముఖ్యంగా మానుకోవాల్సిన అలవాట్లు కొన్నున్నాయి. బుల్లెట్ పాయింట్లలో రాయకూడదు, అన్నీ పూర్తి వాక్యాలే కావాలి. పీఎఫ్ఏ, ఎఫ్‌వైఐ లాంటి మెయిల్ పొట్టిమాటలు వద్దు. పరీక్ష కంప్యూటర్లో స్పెల్‌చెక్ ఉండదు. ఏళ్ల తరబడి ఆటోకరెక్ట్ దిద్దిపెడుతుంటే మన వేళ్లు స్పెల్లింగ్ మరిచిపోయి ఉంటాయి. ఈరోజు నుంచే నోట్‌ప్యాడ్‌లో రాయండి.

జనరల్ ట్రైనింగ్ మొదటి టాస్కులో ఉత్తరం రాయాలి. ప్రశ్నలో మూడు అంశాలిస్తారు, మూడూ ఉత్తరంలో కనిపించాలి. స్నేహితుడికి రాసే ఉత్తరం ఆఫీసు మెయిల్‌లా ఉన్నా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి రాసే ఫిర్యాదు వాట్సాప్ మెసేజ్‌లా ఉన్నా మార్కు పోతుంది. అకడమిక్‌లో అయితే గ్రాఫ్ గానీ, పట్టిక గానీ ఇస్తారు. అందులో ఉన్నది మాత్రమే చెప్పాలి. 2020లో ప్రయాణికుల గీత ఒక్కసారిగా పడిపోయినట్టు ఉంటే లాక్‌డౌన్ వల్లేనని మీకు తెలుసు. అయినా ఆ కారణం రాయకూడదు. మొత్తంమీద ఏం కనిపిస్తోందో చెప్పే ఒకటి రెండు వాక్యాలు మాత్రం తప్పనిసరి.

మార్కులు వేసే నాలుగు కొలమానాల పట్టిక అధికారిక వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. రాసిన ప్రతి వ్యాసాన్నీ దాని పక్కన పెట్టి చదవండి.

4. రీడింగ్‌లో మీకు తెలిసింది పక్కన పెట్టండి

గంటలో 40 ప్రశ్నలు. జవాబులు నింపుకోవడానికి అదనపు సమయం ఉండదు. బాగా చదివేవాళ్లు ఎక్కువగా తప్పేది "ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్" ప్రశ్నల దగ్గర.

పేరాలో ఇలా ఉందనుకోండి: "చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించాడు." కింద వాక్యం: "కుతుబ్‌షాహీలు కట్టించిన మొదటి కట్టడం చార్మినార్." గోల్కొండ అంతకుముందే ఉందని తెలిసిన హైదరాబాదీ వెంటనే ఫాల్స్ అని పెడతాడు. సరైన జవాబు నాట్ గివెన్. పేరాలో ఆ సంగతే లేదు. "చార్మినార్‌ను 1691లో కట్టారు" అని ఉంటేనే ఫాల్స్, ఎందుకంటే అది పేరాకు ఎదురు చెబుతోంది. జవాబుకు ఆధారమైన వాక్యాన్ని వేలుపెట్టి చూపించలేకపోతే, అది మీ తెలివి చెప్పిన జవాబే.

5. లిజనింగ్: ఒక్కసారే వినిపిస్తారు

ఇది మీకు సులభంగానే ఉంటుంది. పోయేవన్నీ అజాగ్రత్త మార్కులు. రెండు పదాలకు మించకూడదంటే మూడో పదం రాస్తే సున్నా. బహువచనానికి ఎస్ మరిచిపోయినా, స్పెల్లింగ్ తప్పినా అంతే. అమెరికన్ సినిమాలకే అలవాటుపడ్డ చెవికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ యాస కొత్తగా ఉంటుంది. రోజూ కాసేపు అక్కడి రేడియో వార్తలు వినండి.

6. స్పీకింగ్: మీ గొంతు రికార్డు చేసి వినండి

ఎగ్జామినర్‌తో 11 నుంచి 14 నిమిషాల సంభాషణ ఇది. యాసకు మార్కులు తీయరు, స్పష్టంగా అర్థమైతే చాలు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకుంటే రెండు నిమిషాల తర్వాత అది జారిపోతుంది, మాట తడబడుతుంది. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి.

కష్టమంతా రెండో భాగంలో ఉంటుంది. కార్డు మీద ఒక అంశమిచ్చి, ఆలోచించుకోవడానికి నిమిషం ఇస్తారు. తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. "మీ నగరంలో మీకు నచ్చిన చోటు" అంటే ట్యాంక్‌బండ్ బాగుంటుంది, సాయంత్రం గాలి వస్తుంది అనేసి చాలామంది నిమిషం కూడా నిండకుండానే ఆగిపోతారు. చిన్నప్పుడు ఎవరితో వెళ్లారు, ఇప్పుడు ఏం మారింది, ఎందుకు నచ్చింది అని మూడు ముక్కలు చేసుకుంటే రెండు నిమిషాలు ఇట్టే నిండుతాయి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే "యాక్చువల్లీ", "బేసికల్లీ" ఎన్నిసార్లు దొర్లాయో తెలుస్తుంది.

మొదటి భాగంలో అవును, కాదు అని ముగించకండి, కారణం కూడా కలపండి. మూడో భాగంలో ప్రశ్నలు సొంత విషయం దాటి సమాజం వైపు వెళ్తాయి. మీ అభిప్రాయం ఏదైనా సరే, దాన్ని ఎలా నిలబెట్టుకున్నారన్నదే చూస్తారు.

పీటీఈ రాసేవాళ్లు మనిషితో కాదు, మైకుతో మాట్లాడాలి. మూడు సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది. చుట్టూ నలుగురు మాట్లాడుతుంటే ఆపకుండా చెప్పడం సాధన చేయండి.

7. స్కోరు తగ్గితే

కంప్యూటర్ పరీక్షలో ఒక్క విభాగాన్నే 60 రోజుల్లోపు మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. దాన్ని అందరూ ఒప్పుకోరు. మీ స్కోరు ఎవరికి పంపాలో వాళ్ల నిబంధన చదివాకే డబ్బు కట్టండి. రైటింగ్ గానీ స్పీకింగ్ గానీ మీ మాక్ స్కోర్ల కంటే మరీ తక్కువొస్తే, పరీక్ష తేదీ నుంచి ఆరు వారాల్లోపు రీవాల్యుయేషన్ అడగొచ్చు. స్కోరు మారితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు.