హైదరాబాద్‌లో ఐపీ దాఖలు: ముందు ఇల్లు, ఉద్యోగం సంగతి చూసుకోండి

అప్పులు తీర్చే దారులన్నీ మూసుకుపోయినప్పుడు చాలామంది నోట వచ్చే మాట "ఐపీ పెట్టేస్తాను". ఐపీ అంటే దివాలా పిటిషన్. అది వేస్తే చాలు, బాకీలన్నీ రద్దవుతాయని నమ్మి కోర్టు మెట్లెక్కేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఇల్లు దక్కుతుందా, ఉద్యోగం నిలుస్తుందా అన్నది సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే, 2019 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మామూలు ఉద్యోగికి, చిరు వ్యాపారికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే ఆధారం. అప్పు 500 రూపాయలకు చేరినా పిటిషన్ వేయవచ్చు. ఆ అంకె ఇప్పటికీ మారలేదు.

నగరంలో ఉండేవారు సిటీ సివిల్ కోర్టులోనూ, ఎల్‌బీ నగర్ వైపువారు రంగారెడ్డి జిల్లా కోర్టు పరిధిలోనూ దాఖలు చేయాలి. సాధారణంగా నివసించే లేదా వ్యాపారం చేసే చోటును బట్టి పరిధి నిర్ణయమవుతుంది. అప్పులు తీర్చలేని స్థితిలో ఉన్నట్టు పిటిషన్‌లో స్పష్టంగా చెప్పాలి. రుణదాతలందరి పేర్లు, చిరునామాలు, ఎవరికెంత బాకీ, మీ ఆస్తులు ఏవి, ఎక్కడున్నాయి, విలువెంత, గతంలో ఇలాంటి పిటిషన్ వేశారా అన్నవన్నీ రాయాలి. చేబదులు ఇచ్చిన బంధువును వదిలేయకండి, బంగారాన్ని దాచకండి. ఆస్తి దాచినట్టు రుజువైతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఒకసారి వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా వెనక్కి తీసుకోలేరు. రుణదాతలకు నోటీసులు వెళ్తాయి, విచారణ జరుగుతుంది, ఆ తర్వాతే దివాలా ప్రకటన, అంటే మిమ్మల్ని దివాలాదారుగా కోర్టు ప్రకటించడం.

ఇక ఇల్లు. గృహరుణం కింద బ్యాంకులో తాకట్టు ఉన్న ఫ్లాటును ఐపీ కాపాడదు. తాకట్టు హక్కు ఉన్న రుణదాతను ఈ చట్టం ఆపదు కాబట్టి, సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని బాకీ రాబట్టుకునే వీలు బ్యాంకులకు ఇచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసు ఇచ్చి బ్యాంకు తన పని తాను చేసుకుపోతుంది. తాకట్టు లేని సొంత ఇల్లయితే ప్రకటన వెలువడగానే కోర్టుకు లేదా రిసీవరుకు (దివాలాదారు ఆస్తులు చూసేందుకు కోర్టు నియమించే వ్యక్తికి) సంక్రమిస్తుంది. రైతు, కూలీ, ఇంటిపనివారు తాము నివసించే ఇంటికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికో దుకాణదారుకో ఆ రక్షణ లేదు. "ముందే భార్య పేరిట దానపత్రం రాయించండి" అనే సలహా దయచేసి వినకండి. బదిలీ చేసిన రెండేళ్లలోపు వేసిన పిటిషన్‌పై దివాలా ప్రకటన వస్తే కోర్టు ఆ దానాన్ని రద్దు చేయగలదు. భార్య తన సొమ్ముతో కొనుక్కున్న వాటా మాత్రం ఆమెదే.

జీతం మొత్తం పోదు. మామూలు అప్పుల విషయంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. లెక్కకు వచ్చే జీతం 40,000 అయితే 13,000కు మించి ముట్టుకోలేరు. భవిష్య నిధికీ రక్షణ ఉంది.

ఉద్యోగం సంగతి మీరు చేసే కొలువును బట్టి మారుతుంది. దివాలా తీసిన కారణంగా ప్రైవేటు ఉద్యోగిని తొలగించాలని ఏ సాధారణ చట్టమూ చెప్పదు, అయినా నియామకపత్రంలోని షరతులు చదవండి. కేంద్ర ప్రభుత్వోద్యోగి తనపై దివాలా కేసు నడిస్తే పై అధికారులకు వివరాలు తెలపాలి. కంపెనీ డైరెక్టరుకు ప్రకటన దాకా కూడా గడువు లేదు, దరఖాస్తు పెండింగులో ఉన్నా నియామకానికి అనర్హతే. అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది బ్యాంకు ఉద్యోగులు. ఎప్పుడైనా దివాలాదారుగా ప్రకటితులైనవారిని బ్యాంకులు కొలువులో ఉంచుకోరాదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. బ్యాంకులో పనిచేస్తూ ఐపీ వేయడమంటే జీవనాధారాన్నే పణంగా పెట్టడం.

ప్రకటనతో అప్పు పోదు. కోర్టు పెట్టిన గడువులోగా అప్పుల నుంచి విముక్తికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టకపోతే ప్రకటనే రద్దవుతుంది. విముక్తి దొరికినా ప్రభుత్వ బకాయిలు, మోసంతో చేసిన అప్పులు, భరణం మిగిలే ఉంటాయి. చిట్టీకి మీ తరఫున జామీను సంతకం పెట్టిన సహోద్యోగికీ విముక్తి ఉండదు, రుణదాత నేరుగా ఆయన మీదికే వెళ్తాడు. కాబట్టి నోటీసు చేరకముందే ఆయనకు స్వయంగా చెప్పండి.

వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సాయం కోరవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది.