కల్లు, తెగని కోపం: రెంటికీ ఒకేసారి వైద్యం

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు చెట్టు కల్లుతో పాటు అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలిపిన మందు కల్లూ దొరుకుతుంది. అది రోజూ తాగేవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కసారే మాన్పిస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. మొండిపట్టు పనికిరాదు, మానసిక వైద్య విభాగమున్న ఆసుపత్రిలో చేర్పించండి. డైజీపాం లాంటి మందిచ్చి, వారాల మీద మోతాదు తగ్గిస్తూ వస్తారు.

తెగని కోపం, చేతులు కోసుకోవడం, గడియకో తీరు, వదిలేస్తారన్న భయం కల్లుకు అలవాటు పడక ముందు నుంచే ఉన్నాయా, తర్వాత వచ్చాయా? డాక్టరుకు ఇంటివాళ్లు చెప్పాల్సింది ముఖ్యంగా ఇదే. మత్తు దిగి కొన్ని వారాలు గడవకుండా వ్యక్తిత్వ రుగ్మత (ఇలాంటి తీరే స్వభావంగా ఏళ్ల తరబడి ఉండే మానసిక సమస్య) అని తేల్చడం తొందరపాటు. తేలాక మాత్రం ‘కల్లు పూర్తిగా మానాకే కౌన్సెలింగ్’ అని ఆపొద్దు. ఒకటి వదిలేస్తే రెండోది తిరగబెడుతుంది. ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) లాంటి మాటల చికిత్స నెలల తరబడి సాగాలి. ఈ రుగ్మతను నయం చేసే మాత్ర లేదు.

మందులు వారానికి సరిపడా మాత్రమే తెచ్చి, ఇంటివాళ్ల దగ్గరే ఉంచాలి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరాం మాత్రను తాగేవాళ్లకు తెలియకుండా అన్నంలో కలపడం మహా ప్రమాదం, దానిమీద తాగితే గుండెకే ముప్పు. చస్తానంటే బెదిరింపని కొట్టిపారేయకండి. పక్కనే ఉండి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి.